బిడ్డ వెనక సీట్లో జడ్చర్ల దాకా

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన వాడికి వెనక సీట్లో కూర్చోవడం చేతకాదు. ఆ సంగతి నాకు ఉద్యోగం నుంచి దిగిపోయిన రెండేళ్లకు, మా చిన్న బిడ్డ మమత మోటారు సైకిల్ మీద తెలిసివచ్చింది.

మమత షాద్‌నగర్ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. కిరాయి తక్కువని జడ్చర్లలో గది తీసుకుని ఉంటోంది. రోజూ పోయి రావడానికి బండి కొన్నానని ఏడాది కింద ఫోన్లో చెప్పింది. కూరగాయలకు తిరిగే చిన్న స్కూటీ కాబోలు అనుకున్నాం. మొన్న సద్దుల బతుకమ్మకు ముందు రోజు మా హుజూర్‌నగర్ ఇంటి ముందు ఒక నల్లటి గేర్ల బండి ఆగింది. నడుపుతున్న మనిషి హెల్మెట్ తీస్తే మా బిడ్డ! నా భార్య యాదమ్మ ఒళ్లోని తంగేడు పువ్వులన్నీ గడప మీదే రాలిపోయాయి.

"గంత దూరం బండి మీద వచ్చినవానే?"

"మంచిగనే వచ్చిన కదనే అమ్మా. లోపలికి రానియ్యి ముందు."

హుజూర్‌నగర్

పండగంతా అదే గొడవ. మా ఇంట్లో ఒక పాత కారు ఉంది, నేను రిటైరైనప్పుడు కొన్నది. పెళ్లిళ్లకు, దవాఖానకు తప్ప బయటికి తీయం. దాని తాళం చెవి తెచ్చి మమత ముందు పెట్టాను.

"ఇగో, కారు తీస్కపో. నడుపుడు నేనే నేర్పిన కదా. బండి ఈడనే ఉండనియ్యి."

మమత తాళం ముట్టుకోలేదు. "నాయినా, నువ్వు నా దారి చూసినవా?"

"షాద్‌నగర్ పోయే నలభై నాలుగో నంబరు రోడ్డు నేను చూడనిదా?"

"బస్సుల కూసొని చూసినవ్. ఒక్కసారి నాతోని బండి మీద జడ్చర్ల దాకా రా. ఒక దినం డ్యూటీకి గూడ రా. అప్పుడు గూడ కారే అంటె, ఎదురు మాట్లాడకుంట తీస్కపోత."

నేను ఏదో అనబోయే లోపే యాదమ్మ తీర్పు చెప్పింది. "పో. నువ్వు చూసొస్తె నాకూ ధైర్యముంటది." నువ్వుల సత్తు, పల్లీల సత్తు డబ్బాల్లో కట్టి బండికి తగిలించింది. దసరా వెళ్లిన మూడో నాటి పొద్దున, పక్కింటి వాళ్లు చూస్తుండగా, బిడ్డ భుజం పట్టుకుని బండెక్కాను. హెల్మెట్ పెట్టుకోవడం అదే మొదలు. లోకమంతా ఒక కుండలో నుంచి వినిపించింది.

మిర్యాలగూడ

ఊరు దాటగానే నా కుడికాలు లేని బ్రేకును తొక్కడం మొదలుపెట్టింది. ముందు ట్రాక్టరు కనిపిస్తే తొక్కుతుంది. బర్రె అడ్డం వస్తే తొక్కుతుంది. నాలుగైదు సార్లు చూసి మమత బండి పక్కకు ఆపింది.

"నాయినా, నువ్వు కాలు ఊపినప్పుడల్లా బండి ఊగుతాంది. జర నిమ్మలంగ కూసో."

కూర్చోవడానికి ప్రయత్నించాను. నిజం చెప్పొద్దూ, దారి బాగుంది. కాలువ నీళ్ల పొలాలు కోతకొచ్చి రెండు పక్కలా పసుపు పచ్చగా ఉన్నాయి. బస్సులో ఉన్నప్పుడు పొలం కనిపించేది, ఇప్పుడు దాని వాసన కూడా వస్తోంది. రైసు మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన హెల్మెట్లోకి దూరి చాలా దూరం నాతోనే వచ్చింది.

మిర్యాలగూడ దగ్గర పడుతుంటే మాత్రం లోపల ఇబ్బంది మొదలైంది. నేను ఎక్కువ కాలం పని చేసింది ఆ డిపోలోనే. గేటు ముందు టీ కొట్టులో ఎప్పుడూ పాతవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. బిడ్డ నడుపుతుంటే నేను వెనక కూర్చుని పోవడం వాళ్లు చూస్తే? ఊరి మొదట్లో బండి ఆపమన్నాను.

"జర సేపు నేను నడుపుత."

మమత నా ముఖం చూసింది. ఎందుకని అడగలేదు. దిగి హ్యాండిల్ ఇచ్చింది. డిపో ముందు నుంచి నిటారుగా కూర్చుని పోయాను. తీరా చూస్తే టీ కొట్టు మూసి ఉంది, గేటు దగ్గర ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఊరు దాటే సరికి గేర్లు మార్చీ మార్చీ నా మోకాలు పట్టేసింది. మళ్లీ బండి ఆపాను. బిడ్డ నేను దిగడానికి చెయ్యి అందించింది. నాకే సిగ్గేసింది.

హాలియా

హాలియాలో టీ తాగాం. పక్కనే ఒకామె బత్తాయిలు కుప్ప పోసి అమ్ముతోంది. మా దగ్గర కిలో ఎనభైకి అమ్మే కాయ ఇక్కడ నలభై. తోటలు ఇక్కడివే కదా మరి. రెండు కిలోలు తీసుకున్నాక గానీ గుర్తు రాలేదు, కారైతే డిక్కీలో వేసేవాళ్లం. బండి మీద ఎక్కడ పెట్టాలి? జడ్చర్ల దాకా ఆ సంచి నా ఒళ్లోనే ఉండబోతోందని అప్పుడే అర్థమైంది. కారుకు ఒక మార్కు అనుకున్నాను మనసులో.

బెంచీ మీద కూర్చున్న ఒక తలపాగా పెద్దాయన మమ్మల్నే చూస్తున్నాడు.

"ఏందన్నా, బిడ్డ నడుపుతాంటె నువ్వెనకాల కూసున్నవ్? పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న," అన్నాను.

"మరి?"

మమత నవ్వుతూ అందుకుంది. "మా నాయిన ముప్పై ఏండ్లు వేరేటోళ్లను తిప్పిండు తాతా. ఇప్పుడు నేను తిప్పుతాన్న."

పెద్దాయన తలపాగా సర్దుకుని, "గదీ నిజమే," అన్నాడు. మా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు, ఎంత వద్దన్నా వినలేదు.

దేవరకొండ

ఆ రాత్రి మకాం దేవరకొండలో, జంగయ్య ఇంట్లో. జంగయ్య నాతో పదేళ్లు కండక్టరుగా చేశాడు. ఇప్పుడు గొర్రెలు, మేకలు పెంచుకుంటున్నాడు. మేం వెళ్లేసరికి దొడ్లోకి తోలుతున్నాడు. నన్ను చూసి చేతికర్ర పక్కన పడేసి వచ్చి కౌగిలించుకున్నాడు. ఒంటి నిండా మేకల వాసన.

మా వైపు మూడు పూటలా అన్నమే. ఇక్కడికి వచ్చేసరికి భూమి ఎర్రబారుతుంది, రాళ్లు లేస్తాయి, కంచంలోకి జొన్న రొట్టె వస్తుంది. జంగయ్య భార్య అరచేతుల మధ్య చప్పుడు చేస్తూ రొట్టెలు కొడుతుంటే మమత పక్కన కూర్చుని చూసింది. తనూ ఒకటి కొట్టింది. అది కొంచెం ఆంధ్ర రాష్ట్రం పటంలా వచ్చిందని జంగయ్య అంటే అందరం నవ్వాం. పచ్చిపులుసులో ముంచుకుని దాన్ని నేనే తిన్నాను.

వాకిట్లో మంచాలు వేసుకుని కూర్చున్నాక జంగయ్యకు నా గోడు చెప్పుకున్నాను. కాలు ఊరుకోవడం లేదని, చేతులకు ఏం చేయాలో తోచడం లేదని, కారు తీసుకోమంటే బిడ్డ వినడం లేదని.

జంగయ్య బీడీ ఆర్పాడు. "నువ్వు గిన్నేండ్లు ముందే కూసున్నవు. ఎనక నేనున్న. ఒకనాడన్న నీ స్టీరింగు మీద చెయ్యేసిన్నా?"

"లేదు."

"ఎనకనున్నోని పని ఒక్కటే. రైట్ రైట్ అనుడు. గా మాట ఇనపడ్తె డ్రైవరుకు బలం. లేకుంటె ఎంత పెద్ద డ్రైవరైనా వెనక్కి చూసుకుంటనే ఉంటడు." మంచం మీద వెనక్కి వాలాడు. "కారో బండో నాకు ఎర్క లేదు. ఎనక ఎట్ల కూసోవాల్నో మాత్రం ఎర్కే."

డిండి అవతల

రెండో రోజు డిండి దాటాక మబ్బు పట్టింది. రోడ్డుకు ఎడమ పక్క సగం మేర మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. అంచున రాళ్లు వరసగా పెట్టారు. ఈ కాలంలో ఆ దారుల్లో ఇది మామూలే. రైతుకు కళ్లం లేకపోతే ప్రభుత్వం వేసిన రోడ్డే కళ్లం. మమత వేగం బాగా తగ్గించింది. ఎదురుగా ఒక లారీ వచ్చింది. జాగా ఇద్దామని మమత కొంచెం ఎడమకు జరిగింది. రాళ్ల ఇవతలికి దొర్లిన గింజల మీద ముందు చక్రం ఎక్కింది.

గుండ్రటి గింజలు. అంతే. బండి కాళ్ల కింద నుంచి పక్కకు పోయింది. నేను బత్తాయి సంచితో సహా మక్కల్లో కూలబడ్డాను. మమత బండితో పాటు నాలుగడుగులు జారింది.

లేచి పరిగెత్తాను, మోకాలు నొప్పి గుర్తే లేదు. మమత కాలు బండి కింద నుంచి లాక్కుని కూర్చుంది. "నాయినా, నీకేమైనా అయ్యిందా?" అని అదే నన్ను అడుగుతోంది. దాని మోచేయి గీసుకుపోయి నెత్తురు వస్తోంది. హెల్మెట్ మీద పొడుగ్గా ఒక గీత. ఆ గీత దాని చెంప మీద పడాల్సింది కదా అనుకున్నాను.

పక్క చేలో నుంచి ఒక ఆడమనిషి కొంగు నడుముకు దోపుకుంటూ ఉరికి వచ్చింది. "అయ్యో, నా మక్కల మీద పడ్డరా బిడ్డా! నా చేతులు ఇరగ!" ఆమె పేరు లచ్చమ్మ. మమతను పట్టుకుని రోడ్డు పక్కనే ఉన్న తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. గాయం కడిగి పసుపు అద్దింది. బండి లేపి చూశాను. హ్యాండిల్ కొంచెం వంకర పోయింది గానీ నడుస్తుంది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. లచ్చమ్మ రోడ్డు వైపు చూసింది, మా వైపు చూసింది. లేవలేక కూర్చోలేక ఉంది. మమతే లేచింది. "రా అమ్మా, ఎత్తుదాం." ముగ్గురం కలిసి మక్కలు కుప్ప చేసి, పట్టా కప్పి, రాళ్లు పెట్టే సరికి వాన బాగా అందుకుంది. చిందిన బత్తాయిలు రెండు ఆ కుప్పలోనే ఉండిపోయాయి.

అరుగు మీద తడి బట్టలతో కూర్చుంటే లచ్చమ్మ ఉడకబెట్టిన గుడాలు, అంటే గుగ్గిళ్లు, గిన్నెలో పెట్టి ఇచ్చింది. బండి ముచ్చట ఆమే ఎత్తింది. "మా ఇంటాయనకు పాము కర్సింది ఒకపారి. పక్కింటోల్ల పోరడు బండి మీద నడిమిట్ల కూసోబెట్టుకొని కల్వకుర్తి దవాఖానకు కొంచవోయిండు. కారు కోసం సూస్తె పాణం దక్కకపోవు." కాసేపు వాన చూసింది. "గసొంటి బండి మీదనే మా మరిది పోయిండు, పెండ్లయిన ఏడాదికి. బండి మంచిదో పాడుదో నేనేం చెప్త బిడ్డా."

మమత చేతిలో గిన్నె కింద పెట్టేసింది. వాన తెరిపి ఇచ్చాక, లచ్చమ్మ లోపలికి పోయినప్పుడు, నా వైపు చూడకుండా అంది.

"నువ్వన్నదే నిజం నాయినా. కారే తీస్కుంట."

పండగ నుంచి నేను వినాలనుకున్న మాట అదే. కానీ ఆ గొంతు మా మమతది కాదు. ఆ గొంతు నాకు తెలుసు. వెనకటికి ఒక వానాకాలం నా బస్సు జారి పొలంలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా మర్నాడు స్టీరింగు పట్టుకుంటే చేతులు మంచుగడ్డలయ్యాయి. ఆ రోజు సెలవు పెట్టి ఉంటే మళ్లీ బస్సు ఎక్కేవాణ్ణి కాదేమో. భయంతో ఒప్పుకున్న మాటను గెలుపని ఎట్లా అనుకుంటాను?

"కారు ముచ్చట జడ్చర్లల మాట్లాడుదాం," అన్నాను. "ముందు బండి తియ్యి."

"నువ్వు నడుపు నాయినా. నాతోని కాదు."

"నా మోకాలు పట్టేసింది. ఎవరో ఒకరు నడపాలె కదా."

చాలాసేపు బండి పక్కన నిలబడింది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. స్టార్ట్ చేసింది గానీ గేరు వేయడం లేదు. వెనక ఎక్కి కూర్చున్నాను. బత్తాయిల్లో సగం లచ్చమ్మకు ఇచ్చేశాం, మిగిలినవి ఒళ్లో పెట్టుకున్నాను. నా భయం బిడ్డకు తెలియకూడదని కాళ్లు గట్టిగా ఆనించాను. బండి సీటు మీద రెండు సార్లు తట్టి, నా సర్వీసంతా వెనక నుంచి విన్న మాటను మొదటిసారి నేను అన్నాను.

"రైట్ రైట్!"

మమత భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో హెల్మెట్లో కనపడలేదు. బండి మాత్రం కదిలింది. కల్వకుర్తి వచ్చేదాకా మెల్లగా, ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎప్పటి వేగం అందుకుంది. ఆ దారంతా నా కాలు ఒక్కసారి కూడా బ్రేకు వెతకలేదని జడ్చర్లలో దిగాక గమనించాను.

జడ్చర్ల

మమత గది ఒక సన్నటి గల్లీలో ఉంది. అటు ఇటు ఇళ్ల మెట్లు గల్లీలోకే దిగుతాయి. మా కారు ఆ గల్లీలోకి వచ్చినా తలుపు తెరుచుకోదు. మెయిన్ రోడ్డు మీద ఎవరి దుకాణం ముందో పెట్టుకుని, పొద్దున్నే వాళ్లతో మాట పడాలి. ఈ మాట మమత నాతో ఎప్పుడూ అనలేదు. చూస్తే తెలుస్తుందనుకుంది కాబోలు.

మర్నాడు డ్యూటీకి తనతో బయలుదేరాను. పొద్దున్నే షాద్‌నగర్ దారి పట్టే బండ్లు చీమల బారులా ఉన్నాయి. వాళ్లలో సగం మంది ఒకరికొకరు తెలుసు. ముఖాలు తెలియవు, హెల్మెట్లు తెలుసు. దాటేటప్పుడు హ్యాండిల్ మీద నుంచి ఒక వేలు పైకెత్తుతారు, అదే నమస్కారం. "గా ఎర్ర హెల్మెట్ టీచరమ్మ," అని మమత వెనక్కి చెప్పింది. "ఒక నెల కనపడలే. ఏమైందో అనుకున్న. బిడ్డ పుట్టిందట."

బాలానగర్ దగ్గర రోడ్డు వెంట సీతాఫలాల బుట్టలు వరసగా ఉన్నాయి. అక్కడ వేగం తగ్గితే, హెల్మెట్ లోపల నుంచి ఒక పాట వినిపించింది. మమత పాడుతోంది. పదో తరగతి తర్వాత దాని పాట నేను వినలేదు.

పళ్ల దగ్గర ఆగాం. బుట్ట నూట యాభై అంటే నూట ఇరవైకి మమతే బేరం చేసింది. "రోజూ పాడుతవా?" అని అడిగాను.

సిగ్గు పడింది. "రూముల పాడితె కింద ఓనరమ్మ తలుపు కొడ్తది. ల్యాబుల సారుంటడు. గీ దారి మీద నన్ను అడిగేటోల్లు లేరు నాయినా." ఒక సీతాఫలం విడదీసి సగం నాకిచ్చింది. "కారుల గూడ పాడుకోవచ్చు. నాకెర్కే. కానీ కారు నువ్విచ్చేది. బండి నేను కొనుక్కున్నది."

గింజలు ఒక్కొక్కటీ ఉమ్మేసి ఆ సగం పండు పూర్తిగా తిన్నాక మళ్లీ వెనక ఎక్కి కూర్చున్నాను.

షాద్‌నగర్ నుంచి తిరిగి వస్తూ

పగలంతా షాద్‌నగర్‌లో తిరిగి, సాయంత్రం కంపెనీ గేటు దగ్గర బిడ్డను కలిశాను. తిరుగు దారిలో చీకటి పడింది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. పెద్ద లారీ పక్క నుంచి పోతే దాని గాలికి బండి పక్కకు ఒరుగుతుంది. ఎదురు లైట్లకు కళ్లు మూతబడతాయి. ఒక చోట రోడ్డు వారన వెనక లైటు లేకుండా ట్రాలీ ఆగి ఉంది. మమత ముందే చూసి తప్పించింది. నేను చూడనే లేదు.

గదికి వచ్చి అన్నం తింటూ అన్నాను. "పగటి దారికి నాకేం అడ్డం లేదు. చీకటి దారికి మాత్రం భయమైతాంది బిడ్డా. ఈ మాట డ్రైవరుగ చెప్తున్న, తండ్రిగ కాదు."

మమత వాదిస్తుందనుకున్నాను. కంచం వైపు చూస్తూ, "నాకూ భయమే," అంది. "నీకు చెప్తె మొత్తానికే బండి మానుమంటవని చెప్పలే."

ఆ మాట అనేశాక ఇద్దరికీ బరువు దిగింది. చీకటి పడ్డాక ముగిసే షిఫ్టు పడిన నాడు, వాన పట్టిన నాడు కంపెనీ బస్సే ఎక్కాలి. అది ఊళ్లన్నీ తిరిగి ఆలస్యంగా తెస్తుంది, అయినా సరే. మిగతా రోజులు బండి. ఈ ఏర్పాటు చెప్పింది నేను కాదు, తనే. కారు తాళం సంగతి ఎవరమూ ఎత్తలేదు.

ఎవరైనా నన్ను రోజువారీ పనికి కారు మేలా, బండి మేలా అని అడిగితే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎండ, వాన, సామాను చూస్తే కారు. గల్లీ, పెట్రోలు, జాగా చూస్తే బండి. కానీ అడిగే ముందు ఆ మనిషిని వెనక సీట్లో ఒక్కసారి కూర్చుని రమ్మంటాను.

మర్నాడు పొద్దున మమత డ్యూటీకి పోతూ నన్ను బస్సు దగ్గర దింపింది. హైదరాబాద్ మీదుగా హుజూర్‌నగర్ పోదామని అదే రోడ్డు మీద పోయే బస్సెక్కి, డ్రైవరు పక్కనున్న సీట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్లైనా నిండని కుర్రాడు. ఊరు దాటగానే రోడ్డుకు ఎడమ పక్కన బండ్ల బారు మొదలైంది. వాటిలో మమత ఎక్కడుందా అని వెతికాను. అన్నీ హెల్మెట్లే, అన్నీ ఒకే తీరు వీపులే. కనిపెట్టలేకపోయాను.

"బాబూ, ఎడమ దిక్కు బండ్లు జర చూస్కో," అన్నాను.

"చూస్తనే ఉన్న పెద్దాయనా."

"నా బిడ్డ ఉంది అండ్ల."

కుర్రాడు వేగం తగ్గించి ముందుకు వంగి చూశాడు. "ఏ బండి?"

"తెలుస్తలేదు," అన్నాను. "అన్నిటినీ చూస్కో."